పాస్‌వర్డ్ మారిస్తే చాలా, పరికరాలన్నింటినీ సైన్ అవుట్ చేయాలా?

స్ట్రీమింగ్ ఖాతా పాస్‌వర్డ్ మార్చేటప్పుడు చాలామంది ఒకే చోట తటపటాయిస్తారు. కొత్త పాస్‌వర్డ్‌ను రెండుసార్లు టైపు చేసిన తర్వాత, పరికరాలన్నీ దానితో మళ్లీ సైన్ ఇన్ కావాలా అని అడిగే చిన్న గడి కనబడుతుంది. టిక్కు పెడితే టీవీలు, ఫోన్లు, ట్యాబ్లెట్లు అన్నీ ఖాతా నుంచి బయటకు వచ్చేస్తాయి. పెట్టకపోతే పాస్‌వర్డ్ మారినా అవి ఎప్పటిలాగే నడుస్తుంటాయి. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న తరచుగా వినబడుతోంది. పరికరాల జాబితా తెరిచి, అనుమానం కలిగిన ఒక్కదాన్నే తీసేస్తే సరిపోదా అని అడిగేవారు కూడా తక్కువేమీ కాదు.

ఈ విషయాన్ని తేల్చేది నా దృష్టిలో టోకెన్, అంటే సైన్ ఇన్ అయినట్టు గుర్తుగా పరికరం దగ్గర ఉండే డిజిటల్ చీటీ. టీవీలోని యాప్ ఒకసారి సైన్ ఇన్ అయ్యాక మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ చూపించదు. తొలిసారి పాస్‌వర్డ్ సరిచూసుకున్న సర్వరు ఆ పరికరానికి ఒక టోకెన్ జారీ చేస్తుంది. ఆ తర్వాత యాప్ తెరిచిన ప్రతిసారీ చెల్లుబాటయ్యేది ఆ టోకెనే. అందువల్ల పాస్‌వర్డ్ మార్చడం, టోకెన్లను రద్దు చేయడం రెండు వేర్వేరు పనులు. ఇంటి లోపల కూర్చున్న మనిషిని గుమ్మం తాళం మార్చి బయటకు పంపలేం కదా. మీ పాస్‌వర్డ్ తెలుసుకుని ఎవరైనా ఇప్పటికే సైన్ ఇన్ అయి ఉంటే, టోకెన్లను వదిలేసి పాస్‌వర్డ్ ఒక్కటే మార్చడం వల్ల వారికి కలిగే ఇబ్బంది ఏమీ ఉండకపోవచ్చు.

ఈ రెండు పనులను ఒక్కో సేవ ఒక్కో రకంగా కలిపింది. నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డ్ మార్చే పేజీలోనే పైన చెప్పిన గడిని ఉంచి నిర్ణయాన్ని మనకు వదిలేసింది. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే యూట్యూబ్‌తో సహా చాలా చోట్ల దానంతట అదే సైన్ అవుట్ అవుతుంది కానీ, అది మీరేనని నిర్ధారించడానికి వాడే పరికరాల వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. స్పాటిఫైలో అన్ని చోట్లా సైన్ అవుట్ చేసే బటన్ విడిగా ఉంటుంది. స్పీకర్లు, గేమ్ కన్సోళ్ల వంటి భాగస్వామి పరికరాలు దాని పరిధిలోకి రావు, వాటిని విడిగా తొలగించాలి. కాబట్టి పాస్‌వర్డ్ మారిందన్న సందేశం చూసి పని ముగిసిందనుకోకుండా, మీరు వాడే సేవ టోకెన్లను ఏం చేసిందో కూడా చూసుకోవాలి.

ఒక్క పరికరాన్నే తీసేసే మార్గం వినడానికి సున్నితంగా ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2022 నవంబరులో ఈ సౌకర్యాన్ని తెచ్చింది: ఇటీవల ఖాతాను వాడిన పరికరాల జాబితా చూపి, కావలసినదాన్ని మాత్రం సైన్ అవుట్ చేయనిస్తుంది. హోటల్ గదిలోని టీవీలో సైన్ అవుట్ చేయడం మరచిపోయి వచ్చేసినా, పాత టీవీని అమ్మేసినా దీనికి మించిన మార్గం లేదు, ఎందుకంటే అక్కడ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియలేదు. మిగిలిపోయింది ఒక్క టోకెన్ మాత్రమే. ఎవరో చొరబడ్డారన్న అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఈ జాబితాను నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. అందులో కనబడే ఊరి పేరు ఐపీ చిరునామాను (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) బట్టి వేసిన అంచనా. ఇంటర్నెట్ కంపెనీ ఆ చిరునామాను ఏ ఊరి కింద నమోదు చేసిందో ఆ ఊరే చూపవచ్చు. పైగా ఒకే కంప్యూటరు బ్రౌజరుకు ఒకసారి, యాప్‌కు ఒకసారి లెక్కకు వస్తుంది. ఇంత గజిబిజిలో మీ సొంత ట్యాబ్లెట్‌ను తీసేసి, చొరబడినవారి ఫోన్‌ను వదిలేసే ప్రమాదం చాలా ఉంది. ఒకవేళ సరైనదాన్నే తీసేసినా, పాస్‌వర్డ్ వారి దగ్గర ఉన్నంత కాలం మళ్లీ రావడానికి అడ్డేమీ లేదు.

పాస్‌వర్డ్ మార్చకుండా అందరినీ సైన్ అవుట్ చేయడంలోనూ ఇదే లోపం ఉంది. 2019 నవంబరు 12న డిస్నీ ప్లస్ మొదలైన కొద్ది రోజులకే చాలామంది ఖాతాలు పరుల చేతుల్లోకి వెళ్లి ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాయన్న వార్తలు వెలువడ్డాయి. తమ వ్యవస్థలోకి ఎవరూ చొరబడిన ఆధారాలు లేవని సంస్థ చెప్పింది. వేరే సైట్లలో లీకైన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటలను తెచ్చి స్ట్రీమింగ్ ఖాతాల మీద ప్రయోగించడం ఇలాంటి దాడుల్లో మామూలు పద్ధతి, ఆ పనిని ప్రోగ్రాములు చేస్తాయి కనుక అవి అలసిపోవు. అందుచేత ముందు పాస్‌వర్డ్, ఆ వెంటనే సైన్ అవుట్ అన్న వరుస తప్పకూడదు. కొత్త పాస్‌వర్డ్ మరే సైటులోనూ వాడనిదై ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

వీటన్నింటికీ ముందు, ఖాతాలో నమోదైన ఈమెయిల్ చిరునామా, ఫోన్ నంబరు మీవేనా అని చూడండి. చొరబడినవారు ఆ చిరునామాను మార్చి ఉంటే రీసెట్ లింకు నేరుగా వారికే చేరుతుంది. ఈమెయిల్‌కూ అదే పాత పాస్‌వర్డ్ వాడుతుంటే దాన్ని మొదట మార్చి, తర్వాతే స్ట్రీమింగ్ ఖాతా సంగతి చూడాలి. రీసెట్ కోసం ఈమెయిలా, ఎస్సెమ్మెస్సా అంటే, ఈమెయిల్‌కు రెండంచెల రక్షణ ఉన్నవారికి ఈమెయిలే మేలు. లేనివారికి ఎస్సెమ్మెస్ పరవాలేదు. మీరు అడగకుండానే రీసెట్ లింకు వస్తే దాన్ని నొక్కకుండా, యాప్ నుంచో మీరు స్వయంగా టైపు చేసిన చిరునామా నుంచో వెళ్లండి. కస్టమర్ కేర్‌తో మాట్లాడే దారి చివరి మెట్టుగా ఎలాగూ ఉంటుంది.

ఇంత స్పష్టంగా ఉన్నా ఆ గడికి టిక్కు పెట్టడానికి మనసొప్పకపోవడానికి అసలు కారణం రిమోట్ అని నా అనుమానం. బాణం గుర్తులు నొక్కుతూ ఒక్కో అక్షరం వెతికి, పెద్దక్షరాల కోసం ఒక తెరకు, గుర్తుల కోసం ఇంకో తెరకు మారుతూ పాస్‌వర్డ్ కొట్టడం ఎవరికైనా విసుగే. ఆ విసుగు వల్ల కలిగే నష్టం రెండు రకాలు: ఒకటి, పరికరాలను బయటకు పంపకుండా వదిలేయడం, రెండోది, నా లెక్కలో ఇంకా పెద్దది, రిమోట్‌తో కొట్టడానికి వీలుగా చిన్న, తేలికైన పాస్‌వర్డ్ పెట్టుకోవడం.

కోడ్ పద్ధతి ఈ రెండింటినీ తప్పిస్తుంది. టీవీ తెర మీద ఒక చిన్న కోడ్, ఒక వెబ్ చిరునామా లేదా క్యూఆర్ కోడ్ కనబడతాయి. అప్పటికే సైన్ ఇన్ అయిన ఫోన్‌లో ఆ కోడ్ ఆమోదిస్తే టీవీకి టోకెన్ అందుతుంది, రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టే పనే ఉండదు. దీనికి సంబంధించిన ప్రమాణం, ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8628 పేరుతో 2019 ఆగస్టులో వెలువడింది. ఆమోదం వచ్చిందా అని టీవీ సర్వరును ఉండుండి అడుగుతుంటుంది. వేరే విరామం చెప్పకపోతే 5 సెకన్లకు ఒకసారి అడగాలని ఆ పత్రం నిర్దేశించింది. ఫోన్‌లో నొక్కాక టీవీ ఒక్క క్షణం ఆలస్యంగా స్పందించడానికి కారణం ఇదే కావచ్చు, కంగారుపడి వెనక్కి నొక్కకండి. కోడ్‌లో అచ్చులు లేకుండా హల్లులే వాడితే అనుకోకుండా ఏవో మాటలు ఏర్పడవన్న సూచన కూడా అందులో ఉంది.

ఈ పద్ధతి సాగాలంటే ముందుగా ఫోన్‌లోనో కంప్యూటరులోనో కొత్త పాస్‌వర్డ్‌తో సైన్ ఇన్ అయి ఉండాలి. టీవీతో మొదలుపెడితే టీవీ, ఫోన్ రెండూ చిక్కుబడతాయి. ఫోన్ బ్రౌజరు పాత పాస్‌వర్డ్‌నే దాచుకుని నింపేస్తుంది కనుక దాన్ని కూడా మార్చుకోవాలి, లేకుంటే తప్పు ప్రయత్నాలు పెరిగి ఖాతా కొంతసేపు స్తంభించవచ్చు. కోడ్ పద్ధతిలోనూ మోసానికి ఒక సందు ఉంది: వేరెవరో పంపిన కోడ్‌ను మీరు ఆమోదిస్తే, మీ ఖాతా వారి టీవీలో తెరుచుకుంటుంది. మీ కళ్ల ముందున్న తెర మీది కోడ్‌ను మాత్రమే ఆమోదించాలి, తెర మీద ఉన్న చిరునామానే టైపు చేయాలి; సెర్చిలో వెతికితే నకిలీ యాక్టివేషన్ పేజీలు తగలవచ్చు.

అన్నింటినీ సైన్ అవుట్ చేస్తే చూసిన చరిత్ర, ప్రొఫైళ్లు పోతాయన్న భయానికి ఆధారం లేదు, అవి సర్వరులో భద్రంగా ఉంటాయి. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి మాత్రం చేజారవచ్చు కనుక ప్రయాణానికి ముందు రోజు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. కోడ్ సౌకర్యం లేని పాత టీవీ ఉంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను చిన్నక్షరాల్లో కలిపిన పొడవైన పాస్‌వర్డ్ రిమోట్‌కు అనువుగా ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా గుర్తులు, అంకెల నిబంధనల కన్నా పొడవుకే ప్రాధాన్యం ఇచ్చాయి. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని కూడా అందులోనే ఉంది. కేవలం మరచిపోయినందువల్ల రీసెట్ చేస్తున్నవారు, అనుమానించడానికి కారణమేమీ లేకపోతే, ఆ గడిని ఖాళీగా వదిలేయవచ్చు.