గోధుమ లేని ఇంట్లో రొట్టెలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా అమ్మాయికి సీలియాక్ (గోధుమలాంటి వాటిలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) అని తేలినప్పటి నుంచి ఇంట్లో గోధుమపిండి డబ్బా లేదు. బెంగళూరులో గ్లూటెన్ ఫ్రీ పిండి ప్యాకెట్లకి కొదవ లేదు. వాటినీ వాడి చూశాను, జొన్నలు తెచ్చి ఇంట్లోనే పిండి పట్టీ చూశాను. ఇప్పుడెవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: రోజూ తినడానికి జొన్న రొట్టె, పిల్లలు మెత్తటిది కావాలని పేచీ పెట్టిన రోజు ఓవెన్ రొట్టె. ప్యాకెట్ మిక్సులకి అంత డబ్బు దండగ.

మాది అనంతపురం వైపు కాబట్టి జొన్న రొట్టె కొత్త కాదు. అయినా ఇక్కడికొచ్చాకే తెలిసింది, మన పనితనం సగమే, మిగతా సగం పిండిది. పట్టించి నెల దాటిన పిండికి జిగురు పోతుంది, కాస్త చేదూ ఎక్కుతుంది. ప్యాకెట్ పిండి షాపు అరలోనే ఎన్నాళ్లు కూర్చుందో మనకేం తెలుసు? తెల్ల జొన్నల్లో మాల్దండి అనే రబీ రకం దొరికితే వదలకండి. ఉత్తర కర్ణాటక సరుకులు అమ్మే అంగళ్లలో అడిగితే ఇస్తారు.

గ్లాసు పిండికి సుమారు గ్లాసు నీళ్లు. ఉప్పు వేసిన నీళ్లు తెర్లుతుండగా పిండి పోసి, పొయ్యి ఆపి మూత పెట్టాలి. ఆ వేడికి పిండిలోని గంజి ఉడికి, గ్లూటెన్ చేసే పని కొంతవరకు తను చేస్తుంది. చెయ్యి పట్టేంత వేడికి రాగానే ఉండ నున్నగా అయ్యేదాకా మర్దించాలి. ఇక్కడ బద్ధకిస్తే తట్టేటప్పుడు అంచులన్నీ పగుళ్లే. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి మెరుపు పోగానే తిప్పేయాలి. ఇంకాసేపు ఆగితే రొట్టె గట్టిపడి పొంగదు. ఇనప పెనమే మేలు, నాన్‌స్టిక్ మీద ఆ మచ్చలూ రావు, ఆ వాసనా రాదు. కరెంటు రోటీ మేకర్ కూడా కొన్నాం. మూత నొక్కగానే జొన్న ముద్ద నాలుగు వైపులా చీలింది. ఇప్పుడది అటక మీద ఉంది.

ఓవెన్ రొట్టెకి ఇసబ్గోల్ పొట్టు కావాలి. 200 గ్రాముల పిండికి (సగం జొన్న, మిగతాది బియ్యప్పిండి, సగ్గుబియ్యం పిండి) 10 గ్రాముల పొట్టు, చెంచా నూనె, ఉప్పు, 220 మిల్లీలీటర్ల దాకా గోరువెచ్చని నీళ్లు. పావుగంట నానితే చేతికి సాగే ముద్ద అవుతుంది. బటర్ పేపర్ మీద పలచగా తట్టి, ముందే 220 డిగ్రీలకి కాగిన ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్), ట్రేని కూడా లోపలే వేడెక్కనిచ్చి దాని మీద పెట్టండి. చల్లటి ట్రే మీద పెడితే అడుగు తెల్లగా, పచ్చిగా ఉండిపోతుంది. కొన్ని ఇసబ్గోల్ రకాలతో రొట్టె ఊదా రంగుకి తిరుగుతుంది. పాడైపోయిందని టెన్షన్ పడొద్దు, తినొచ్చు. వేడిగా ఉన్నప్పుడు చాలా బాగుంటుంది, మర్నాటికి మాత్రం రబ్బరే.

సీలియాక్ ఉన్నవాళ్లకి మరో గొడవ ఉంది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే అందులో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. వీధి మిల్లులో అంతకుముందే ఎవరివో గోధుమలు ఆడి ఉంటాయి, ఆ పిండి రాళ్లలోనే ఉంటుంది. అందుకే చిన్న పిండిమర ఇంట్లోనే పెట్టుకున్నాం. ఖరీదైనదే, చప్పుడూ ఎక్కువే; అపార్ట్‌మెంటులో పొద్దున పదకొండు దాటాకే తిప్పుతాను. దాని జోలికి గోధుమని రానివ్వం. జొన్నల్లోనూ గోధుమ గింజలు కలిసి వస్తాయి, ఏరాల్సిందే. ఇంగువ డబ్బా కూడా తిప్పి చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు.

ప్రయాణాలకి కడక్ రొట్టెలు బయట కొనను, ఆ పెనాల మీదే చపాతీలూ కాలుస్తారు. ఇంట్లోనే పలచగా తట్టి, కాలాక సన్న సెగ మీద గుడ్డతో నొక్కుతూ పెళపెళలాడేదాకా ఆరబెడతాను. తడి తగలని డబ్బాలో వారాలు నిలవుంటాయి. దారిలో పెరుగు, వేరుశెనగ పొడి ఉంటే చాలు.