నల్లగొండ నుంచి సముద్రపు గాలానికి: విశాఖ మేలా, సూర్యలంక మేలా?

సాగర్ బ్యాక్ వాటర్‌లో బొచ్చె, రవ్వ పట్టి చేయి తిరిగినవాళ్ళు కూడా సముద్రం మీద మొదటి రోజు ఉత్త చేతులతో ఒడ్డుకు రావడం మామూలే. ఊరు ముందు ఖాయం చేసుకుని, ఏ చేప దొరుకుతుందని తరవాత అడగడం వల్ల వచ్చే తిప్పలివి. వంజరానికి ఒక తీరం, పండుగప్పకు ఇంకో తీరం. రెండూ ఒకే పూటలో పట్టిస్తానన్న బోటాయనకు అడ్వాన్సు ఇవ్వకండి.

వంజరం, సూర (ట్యూనా), పెద్ద పారలు కావాలంటే విశాఖే. (మనోళ్ళకు వైజాగ్ అంటే ముందు సాగర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ చేపల వేపుడే గుర్తొస్తుంది, అది వేరే సంగతి.) నల్లగొండ, మిర్యాలగూడ వాళ్ళు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పడుకుని పోవచ్చు. పాలమూరు వాళ్ళకు సికింద్రాబాద్ వచ్చి ఎక్కడం తేలిక. బండి దిగేసరికి తెల్లారిపోతుంది, బోట్లేమో చీకటితోనే కదులుతాయి. కాబట్టి ఆ రోజును సముద్రం లెక్కలో వేసుకోకుండా, హార్బర్‌కు వెళ్ళి బోటు కళ్ళారా చూసి మాట్లాడుకోండి. బస విషయంలో చాలామంది ఋషికొండ వైపు రిసార్టులకు పోతారు. పిల్లలతో వెళ్తే అదే బాగుంటుంది. గాలం పనికి మాత్రం జగదాంబ జంక్షన్, వన్ టౌన్ వైపు మామూలు లాడ్జి చాలు. తెల్లవారుజామున నాలుగింటికి ఋషికొండ నుంచి ఆటో దొరకబుచ్చుకోవడం వంజరం పట్టడం కన్నా కష్టం.

వంజరాన్ని అక్కడ కోనాం అంటారు. దీనికి బోటును ఆరు నాట్ల (గంటకు సుమారు పదకొండు కిలోమీటర్ల) వేగంతో నడుపుతూ, పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ చేపను ముప్పై నలభై మీటర్ల వెనక లాగాలి. మనవాళ్ళు ఓడిపోయేది ముడి దగ్గర. నైలాన్ దారాన్ని నేరుగా గాలానికి కడితే చేప కొట్టిన మరుక్షణం దారం వదులైపోతుంది. పైకి లాగి చూస్తే కొస బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. వంజరం పళ్ళు అలాంటివి. గాలం ముందు ఒక జానెడు స్టీలు తీగ తప్పనిసరి. సూరకు ఇదే తీగ పెడితే పని చెడుతుంది. దాని చూపు చురుకు, తీగ కనబడితే ఎర ముట్టదు. దానికి నలభై పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (నీళ్ళలో అంతగా కనబడని ముందు దారం) కట్టాలి. అంటే రెండు రాడ్లు రెండు రకాలుగా సిద్ధంగా ఉండాలి. రీలు 5000 సైజుకు తగ్గకూడదు, దాని మీద అల్లిక దారం మూడు వందల మీటర్లు ఉండాలి. డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు దారం వదిలే రీలు బిగింపును, దారం తెగే బరువులో నాలుగో వంతుకు బిగించండి. సాగర్‌లో లాగా పూర్తిగా బిగించి పెడితే పార మొదటి పరుగులోనే దారం తెంపేస్తుంది. కొమ్ముకోనాం (ముక్కు కొమ్ములా పొడుగ్గా ఉండే పెద్ద చేప) తగిలితే అదృష్టమే, కానీ దాని పేరు చెప్పి ఎక్కువ రేటు అడిగితే ఒప్పుకోవద్దు.

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం అడుగున రాతి నేలలు చాలాచోట్ల ఉన్నాయి. గ్రూపర్లు, స్నాపర్లు ఉండేది అక్కడే. 150 గ్రాముల సీసం, సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గాలం), ఎరగా కవళ్ళ (సార్డీన్) ముక్క. చేప లాగగానే రాడ్‌ను ఝాడించి ఎత్తడం మనకు అలవాటు. సర్కిల్ హుక్‌తో అలా చేస్తే గాలం నోట్లోంచి జారి వచ్చేస్తుంది. ఊరికే రీలు తిప్పుతూ పోతే పెదవి మూలన అదే దిగుతుంది. ముప్పై మీటర్ల కిందినుంచి వచ్చిన చేపకు గాలితిత్తి ఉబ్బి కడుపు నోట్లోకి వస్తుంది. దాన్ని వదిలినా బతకడం కష్టం. చిన్నవే పడుతుంటే చోటు మార్చమనండి.

పండుగప్ప మీద మనసుంటే బాపట్ల వైపు పోవాలి. వాడపల్లి దాటి పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా కారులో ఐదు గంటల దారి. సూర్యలంకలో టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఒడ్డునే ఉంది. శని, ఆదివారాలు జనం విపరీతం, వారం మధ్యలో వెళ్ళండి. అక్కడి బీచ్ ఇసుక నేల, ఒడ్డు నుంచి విసిరితే జెల్లలే ఎక్కువ. పండుగప్ప ఉండేది నిజాంపట్నం వైపు కాలవలు సముద్రంలో కలిసే మొగల దగ్గర. పోటు నిండి ఆటు మొదలయ్యాక మొదటి గంటా గంటన్నర దాని వేళ, ఎర బతికిన రొయ్య. నీళ్ళు కదలకుండా నిలిచిన వేళ వెళ్తే బోటు బాడుగ దండగ. ఇక్కడివి చిన్న ఫైబర్ బోట్లు. పట్టే సామర్థ్యంలో అక్కడివాళ్ళను మించినవారు లేరు గానీ లైఫ్ జాకెట్ అడిగితే నవ్వుతారు. నవ్వనివ్వండి, జాకెట్ చూపించాకే ఎక్కండి.

బోటు మాట్లాడేటప్పుడు డీజిల్, ఎర, ఐసు బాడుగలో కలిసి ఉన్నాయా, పట్టిన చేప ఎవరిది అన్నవి ముందే తేల్చుకోవాలి. గొడవలన్నీ ఆ చివరి ప్రశ్న దగ్గరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మోటారు బోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో తీసుకెళ్తానన్నవాడిని నమ్మకండి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అలల ఎత్తు సూచన ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లోనే. ఒకటిన్నర మీటరు దాటితే ఫైబర్ బోటు మానుకోండి.

కడుపులో తిప్పకుండా మాత్ర బోటు ఎక్కే గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది నిలవదు. పొగ రాని వైపు, బోటు మధ్యలో కూర్చుని దూరాన నీటి అంచు చూస్తుండాలి. జెల్ల వీపు ముల్లు, పక్క ముళ్ళు విషం. గుచ్చుకుంటే చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంటకు తగ్గకుండా ముంచి ఉంచి ఆసుపత్రికి పోవాలి. ఉబ్బి బంతిలా అయ్యే చేప పడితే దారం కోసి వదిలేయండి, అది వండినా విషమే.

సూర, కనగర్తల విషయంలో ఇంకో మాట. ఎండలో బోటు చెక్క మీద పడేస్తే వాటి మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకు మొహం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసులో కాసిని ఉప్పునీళ్ళు కలిపిన డబ్బాలో ముంచాలి. ఇంటికి తెచ్చుకునేందుకు కిలో చేపకు కిలో ఐసు లెక్క. కడుపు తీసి, కవర్లో కట్టి, థర్మాకోల్ డబ్బా అడుగున ఐసు, పైన ఐసు, మూత చుట్టూ టేపు. రైలులో డబ్బా కారిందంటే తోటి ప్రయాణికులతో నల్లగొండ దాకా మాటలు పడాల్సిందే, అందుకే డబ్బా కింద పాత దుప్పటి వేయండి. రీళ్ళను లాడ్జిలోనే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి బ్యాగులో పెట్టండి, ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే బేరింగులు పట్టేస్తాయి.