పారిస్ ఈత కొలను, నా ఫోన్ తెర

2024 పారిస్ ఒలింపిక్స్ ఈత పోటీలను నేను చూసిన ప్రసార సేవ దృశ్య స్పష్టతలో నన్ను పూర్తిగా మెప్పించింది. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్‌లె 46.40 సెకన్లతో తన ప్రపంచ రికార్డును తానే తిరగరాసినప్పుడు, రెండో స్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా ఈతగాడు కైల్ చామర్స్‌కూ అతనికీ నడుమ దాదాపు నిలువెత్తు మనిషి పట్టేంత నీరు కనిపించింది. కొలను లోతు 2.15 మీటర్లే కావడంతో, అడుగున తగిలి తిరిగొచ్చే అలలు ఈతగాళ్ల వేగాన్ని తగ్గిస్తాయని, రికార్డులు రావన్న చర్చ జోరుగా సాగిన రోజులవి కాబట్టి, ఆ దృశ్యం విలువ మరింత పెరిగింది.

అయితే అమెరికా ఈతగాడు బాబీ ఫింక్ 14 నిమిషాల 30.67 సెకన్లలో 1500 మీటర్లు ఈది, చైనా ఈతగాడు సున్ యాంగ్ 2012 నాటి ప్రపంచ రికార్డును దాటిన పోటీలో, చివరి 100 మీటర్ల వద్ద ప్రసారం స్తంభించింది. చందా చెల్లించిన ప్రేక్షకుడికి ఇది క్షమించరాని లోపం. వ్యాఖ్యానంలో ప్రతి 50 మీటర్లకు పట్టిన విడి సమయాలు కూడా చెప్పి ఉండవలసింది.