చైనాలో డిగ్రీ: చైనీస్ మీడియమా, ఇంగ్లిష్ మీడియమా, ఏది మేలు?

చైనా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసే విదేశీ విద్యార్థి ముందుగా తేల్చుకోవలసింది ఏ భాషలో చదువుతాడన్న సంగతి. చైనీస్ మీడియం అయితే హెచ్‌ఎస్‌కే అనే భాషా పరీక్ష ఫలితం చూపాలి. ఇంగ్లిష్ మీడియం అయితే ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోరు అడుగుతారు. ఇంతవరకు చదివినదంతా ఇంగ్లిష్‌లోనేనని కళాశాల ఇచ్చే ధ్రువపత్రంతో సరిపెట్టుకునే విశ్వవిద్యాలయాలూ చాలానే ఉన్నాయి. మన ఇళ్లలో ఈ ఎంపిక మీద చర్చ ఎక్కువసేపు సాగదు. ఇంగ్లిష్ ఎలాగూ వచ్చు కనుక అదే తేలికని తేల్చేస్తారు. ఆ తేలిక ప్రవేశం దొరికేవరకే ఉంటుంది, ఆ తరువాత చైనీస్ భాష రెండు మీడియంల విద్యార్థులనూ అడ్డగిస్తుంది.

2018లో చైనా విద్యా మంత్రిత్వ శాఖ విదేశీ విద్యార్థుల ఉన్నత విద్యకు నాణ్యతా ప్రమాణాలను ప్రకటించింది. వాటి ప్రకారం చైనీస్ మీడియంలో చేరేవారి భాషా సామర్థ్యం చేరేనాటికి కనీసం నాలుగో స్థాయిలో, పట్టా పుచ్చుకునేనాటికి అయిదో స్థాయిలో ఉండాలి. ఇతర భాషల్లో చదివేవారు కూడా పట్టా నాటికి బ్యాచిలర్స్ అయితే నాలుగో స్థాయికి, మాస్టర్స్, డాక్టరేట్ అయితే మూడో స్థాయికి చేరాలి. అంటే చైనీస్ మీడియం విద్యార్థి లోపలికి వస్తూ చూపే నాలుగో స్థాయిని ఇంగ్లిష్ మీడియం విద్యార్థి బయటికి వెళ్తూ చూపాలి. 2017 నాటి నిబంధనలు ఇంకొంచెం ముందుకు వెళ్లి, చైనీస్ భాషనూ చైనా పరిచయాన్నీ విదేశీ విద్యార్థులందరికీ తప్పనిసరి పాఠ్యాంశాలుగా చేశాయి. సిద్ధాంత వ్యాసాన్ని వేరే భాషలో రాసినా దాని సారాంశం చైనీస్‌లో ఉండాలన్నాయి.

ఈ స్థాయిల బరువు ఎంతో తెలియాలంటే మాటల లెక్క చూడాలి. హెచ్‌ఎస్‌కేలో చాలాకాలంగా అమలులో ఉన్న ఆరు స్థాయిల విధానంలో మూడో స్థాయికి 600 మాటలు, నాలుగో స్థాయికి 1,200, అయిదో స్థాయికి 2,500, ఆరో స్థాయికి 5,000 మాటలు తెలియాలి. నాలుగో స్థాయి పరీక్ష మొత్తం 300 మార్కులకు ఉంటుంది, వాటిలో 180 వస్తే ఉత్తీర్ణత. కానీ 1,200 మాటలతో బజారులో బేరం ఆడవచ్చు, ఇంటి యజమానితో అద్దె మాట్లాడుకోవచ్చు. థర్మోడైనమిక్స్ పాఠం వినడానికి అవి చాలవు. ఆ పాఠంలో వినిపించే పారిభాషిక పదాలు నాలుగో స్థాయి జాబితాలో ఉండవు. అందుచేత చైనీస్ మీడియంలో చేరడానికి నాలుగో స్థాయి చాలునని నియమం చెప్పినా, అయిదో స్థాయి చేతికి రాకుండా ఆ తరగతిలో కూర్చోవద్దనే నేను చెబుతాను.

తెలుగు రాష్ట్రాల నుంచి చైనాకు వెళ్లేవారిలో ఎక్కువమంది వైద్య విద్య కోసమే వెళ్తున్నారు కనుక ఆ సంగతిని కాస్త వివరంగా చూడాలి. ఇక్కడ నిర్ణయం విద్యార్థి చేతిలో లేదు. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో వైద్య పట్టా పొందినవారు భారతదేశంలో నమోదు కావాలంటే ఆ చదువు కనీసం 54 నెలలు సాగాలి, అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా వైద్యం చేసే అర్హత కూడా రావాలి. తిరిగివచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రాక్టీసు పెట్టదలచినవారికి చైనీస్ మీడియం ఎంబీబీఎస్ ఎంత మంచి విశ్వవిద్యాలయానిదైనా పనికిరాదు. సగం ఇంగ్లిష్, సగం చైనీస్ అంటూ ఆకర్షించే ద్విభాషా కోర్సులూ అంతే. ఇంగ్లిష్ మీడియం వైద్య విద్యకు విదేశీయులను చేర్చుకోవడానికి చైనా ప్రభుత్వం 45 కళాశాలలను గుర్తించిందనీ, ద్విభాషా బోధనకు అనుమతి లేదనీ బీజింగులోని భారత రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో స్పష్టంగా హెచ్చరించింది.

అదే హెచ్చరికలో రెండో మాట ఒకటి ఉంది, దాన్ని చదివినవారు తక్కువ. క్లినికల్ శిక్షణ కోసం విద్యార్థులు హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి వరకు చైనీస్ నేర్చుకోవాలనీ, ఆ పరీక్ష నెగ్గనివారికి పట్టా ఇవ్వరనీ ఆ మాట. దీన్ని విదేశీయులపై పెట్టిన అదనపు భారమని చాలామంది విసుక్కుంటారు, కానీ నాకది న్యాయంగానే కనిపిస్తుంది. గుంటూరు జీజీహెచ్ వార్డులో తెలుగు ముక్క రాని హౌస్ సర్జన్‌ను నిలబెట్టి, రొంపిచర్ల నుంచి వచ్చిన ముసలమ్మ తన కడుపులో నొప్పి ఎలా మెలిపెడుతోందో చెబుతుంటే విని కేస్ షీట్ రాయమంటే ఏం రాస్తాడు? చైనా ఆసుపత్రిలో మన విద్యార్థి పరిస్థితి అదే. తరగతిలో ప్రొఫెసర్ ఇంగ్లిష్‌లో చెప్పవచ్చు, రోగి చెప్పడు. పైగా గ్వాంగ్‌జౌలో కాంటనీస్, చెంగ్డూలో సిచువాన్ యాస వినిపిస్తాయి. మూడేళ్లు భాషను పక్కన పెట్టి నాలుగో ఏట వార్డులోకి అడుగుపెట్టిన విద్యార్థికి ఇంటర్న్‌షిప్ మొత్తం మూగనోముగా గడిచిపోతుంది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి ఎఫ్‌ఎంజీఈ (విదేశంలో వైద్య పట్టా పొందినవారు భారతదేశంలో నమోదు కోసం రాసే పరీక్ష) రాసిన 40,417 మందిలో 6,387 మంది మాత్రమే ఉత్తీర్ణులయ్యారన్న లెక్కను ఆ రాయబార కార్యాలయమే చెప్పింది. ఇందుకు భాష ఒక్కటే కారణమని అనను, కానీ రోగి చెప్పేది అర్థం కాకుండా క్లినికల్ జ్ఞానం అబ్బదని మాత్రం అనగలను.

కాబట్టి వైద్య విద్యలో మేలైన దారి ఒక్కటే: గుర్తింపు ఉన్న ఇంగ్లిష్ మీడియం కోర్సులో చేరి, చైనీస్‌ను మొదటి సెమిస్టర్ నుంచే అనాటమీతో సమానంగా చదవడం.

ఇంజినీరింగ్, వ్యాపారం, ఆర్థికశాస్త్రం చదవదలచినవారి ముందు మాత్రం నిజమైన ఎంపిక ఉంది, ఇక్కడ నా మొగ్గు చైనీస్ మీడియం వైపే. మొదటి కారణం డబ్బు. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌పై బ్యాచిలర్స్ చేసేవారు మామూలుగా చైనీస్‌లోనే చదవాలి. భాష రానివారిని ముందు ఒక విద్యా సంవత్సరం పాటు సన్నాహక కోర్సుకు పంపుతారు. థియాన్‌జిన్ విశ్వవిద్యాలయం, షాంఘైలోని థోంగ్‌జీ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ కోర్సులో భాషతోపాటు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల చైనీస్ పదజాలం కూడా నేర్పుతారు. బ్యాచిలర్స్ విద్యార్థికి నెలకు 2,500 యువాన్లు, మాస్టర్స్‌కు 3,000, డాక్టరేట్‌కు 3,500 భత్యంగా ఇస్తారు. అయితే సన్నాహక సంవత్సరం చివరి పరీక్షలో తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది. ఏడాది ఆలస్యమవుతుందని బాధపడే తల్లిదండ్రులు ఒక్క సంగతి ఆలోచించాలి: ఇంగ్లిష్ మీడియం విద్యార్థి కూడా ఆ భాషను ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవలసినదే, అదీ కోర్సు బరువు మోస్తూ సాయంత్రం వేళల్లో.

రెండో కారణం, నేను ఎక్కువ విలువ ఇచ్చేది, చదువులోని లోతు. ఇంగ్లిష్ మీడియం కోర్సుల్లో విదేశీయులే ఒక గుంపుగా కూర్చుంటారు, స్థానిక విద్యార్థుల తరగతి వేరే ఉంటుంది. ప్రయోగశాలలో సాంకేతిక సిబ్బంది మాట్లాడేదీ, యంత్రాల మీద అంటించిన సూచనలూ, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే కర్మాగారంలో వినిపించేదీ చైనీసే. షెన్‌జెన్‌లో ఎలక్ట్రానిక్స్ తయారీని దగ్గరగా చూడాలన్న కోరికతో వెళ్లిన విద్యార్థి ఇంగ్లిష్‌తోనే నెట్టుకొస్తే ఆ నగరాన్ని కిటికీలోంచి చూసినట్టే అవుతుంది.

మాస్టర్స్, డాక్టరేట్ విషయానికొస్తే ఇంగ్లిష్ మీడియం మేలు. పరిశోధన పత్రాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెలువడతాయి, కాలం తక్కువ, చైనీస్ మూడో స్థాయి చాలు. ఇక్కడ ఇంగ్లిష్ అర్హత గట్టిగానే ఉంటుంది: చాలా కోర్సులు ఐఈఎల్‌టీఎస్‌లో 6 నుంచి 6.5 అడుగుతాయి, బీజింగులో త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం నడిపే ష్వార్జ్‌మన్ స్కాలర్స్ కార్యక్రమం 7 అడుగుతుంది. డిగ్రీ ఇంగ్లిష్‌లో చదివినవారికి ఈ పరీక్ష నుంచి తరచు మినహాయింపు దొరుకుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు పరీక్ష రాయకుండా తప్పించుకోలేరు.

చైనీస్ మనవాళ్లకు కొరుకుడు పడదన్న భయం సగమే నిజం. లిపి కష్టమే, స్వరభేదాలు ఇంకా కష్టం: ‘మా’ అన్న ఒక్క అక్షరాన్ని నాలుగు స్వరాల్లో పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు వస్తాయి. ఉచ్చారణలో మాత్రం మన వర్ణమాల మనకు అండ. చైనీస్‌లో ‘పా’ అంటే నాన్న, అదే స్వరంలో ఒత్తి ‘ఫా’ అంటే భయపడటం. పెదవిని పంటితో తాకించి పలికే ఇంగ్లిష్ ఫ కాదు, మన బడిపంతుళ్లు పట్టుబట్టి నేర్పిన అసలు మహాప్రాణం. రోమన్ అక్షరాల్లో చూసి ఆ ‘పా’ను ‘బా’ అని పలికే విద్యార్థులకు, క, ఖ, ప, ఫల తేడా తెలిసిన మనకు ఇక్కడ చాలా దూరం ఉంది. వైద్య పదాలైతే మనసుకు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పలేను. మధుమేహాన్ని వాళ్లు ‘థాంగ్ న్యావ్ పింగ్’ అంటారు, చక్కెర మూత్ర వ్యాధి అని దాని అర్థం. ‘యెన్’ అంటే వాపు అని ఒకసారి తెలిస్తే, ‘కాన్ యెన్’ కాలేయపు వాపనీ, ‘వెయ్ యెన్’ జీర్ణాశయపు వాపనీ చెప్పకనే తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో హెపటైటిస్, గ్యాస్ట్రైటిస్ అని బట్టీ పట్టడంకంటే ఇది సుఖం.

దరఖాస్తు చేసేవారు తేదీల విషయంలో ఒక జాగ్రత్త పాటించాలి. చైనా విశ్వవిద్యాలయంలో ప్రవేశం కోసం చూపే హెచ్‌ఎస్‌కే ఫలితం పరీక్ష రోజు నుంచి రెండేళ్లే చెల్లుతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఉత్సాహంగా రాసేసినవారు గడువు దాటకుండా చూసుకోవాలి. ఏజెంటు నోటిమాటగా చెప్పిన బోధన భాష ప్రవేశపత్రంలోనూ అదే ఉందో లేదో, ఫీజు చెల్లించకముందే విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి నేరుగా ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.