లక్సెంబర్గ్‌లో వీకెండ్ గోల్ఫ్: ప్లానింగ్ వాళ్లకి కట్టిన డబ్బు ఎంతవరకు గిట్టింది

ఆఫీసు పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం కాదు, 2024లో శంషాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ మొదలయ్యాక ఇంకా పెరిగారు. అలా వెళ్లినప్పుడు శని ఆదివారాలు కలుపుకుని పక్కనున్న లక్సెంబర్గ్‌లో గోల్ఫ్ ఆడి వద్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సోమాజిగూడలో గోల్ఫ్ ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టే ఆఫీసు ఒకటి ఉంది, ఈ రివ్యూ వాళ్ల సర్వీసు గురించే. డబ్బుల లెక్క ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయట్లేదు. ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ గోల్ఫ్ తెలిసినవాళ్లు చేసిన పనికి, పోయిన రెండూ గోల్ఫ్ కానిదంతా అంటగట్టినందుకు.

లక్సెంబర్గే ఎందుకని మా ఆవిడ కూడా అడిగింది. దేశం మొత్తం 2,586 చదరపు కిలోమీటర్లు, అంటే మన రంగారెడ్డి జిల్లాలో సగం. అంత చిన్న చోట ఆరు గోల్ఫ్ క్లబ్బులున్నాయి, ఏ ఊళ్లో దిగినా అన్నీ దగ్గరే. పైగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే మా బావ కూడా ఆడతాడు, అక్క కూడా సరేనంది, ఇంకేం కావాలి.

ముందు మంచి చెప్తాను. ఫోన్ చేయగానే అవతలి అబ్బాయి పాస్‌పోర్ట్ సంగతి తర్వాత, ముందు హ్యాండీక్యాప్ ఎంత సార్ అన్నాడు, అంటే ఆట ఎంత బాగా వచ్చో చెప్పే అంకె. అక్కడే సగం నమ్మకం కుదిరింది, ఎందుకంటే మామూలు ట్రావెల్ ఏజెంట్లకి గోల్ఫ్ కోర్సంటే టికెట్ కొని లోపలికెళ్లే పార్కు. యూరప్‌లో చాలా క్లబ్బులు బయటివాళ్లని ఆడనివ్వాలంటే హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ చూపించమంటాయి, జర్మనీలో అయితే కొత్తగా నేర్చుకున్నవాళ్లకి కోర్సులో అడుగుపెట్టే ముందు పరీక్ష కూడా ఉంటుంది. డ్రైవింగ్ రేంజ్‌లో, అంటే ప్రాక్టీసు మైదానంలో, బాల్స్ కొట్టి నాకూ గోల్ఫ్ వచ్చు అనుకునేవాళ్లు గేటు దగ్గరే ఆగిపోవచ్చు. 2020 నుంచి అన్ని దేశాలకీ ఒకే హ్యాండీక్యాప్ లెక్క వచ్చింది కాబట్టి మన క్లబ్బు ఇచ్చే కాగితం అక్కడా అర్థమవుతుంది. దాన్ని క్లబ్ లెటర్‌హెడ్ మీద తీసుకోండి సార్ అని వీళ్లే గుర్తుచేశారు.

వీసా విషయంలోనూ తప్పుదోవ పట్టించలేదు. షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఉండే వీసాకి, ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి అప్లై చేయాలి. నా పని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రాత్రులు ఎక్కువ అక్కడే, కాబట్టి గోల్ఫ్ లక్సెంబర్గ్‌లో అయినా ఫైలు జర్మనీకే వెళ్లాలని స్పష్టంగా చెప్పారు. ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, అప్పాయింట్‌మెంట్ దొరకడమే అసలు టెన్షన్. ఇదంతా ఎవరికి వాళ్లు చేసుకోగలిగిందే, కాకపోతే గోల్ఫ్ బుకింగ్ కాగితాలు, ఆఫీసు ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగ్ తేదీలు ఒకదానికొకటి సరిపోయేలా సర్దిపెట్టారు, అది మాత్రం నీట్‌గా చేశారు.

అన్నిటికంటే నచ్చింది టీ టైములు, అంటే ఆట మొదలుపెట్టే టైములు, పట్టిన తీరు. వీకెండ్ పొద్దుటి టైములు ఇలాంటి క్లబ్బుల్లో ఎక్కువగా మెంబర్లకీ పోటీలకీ పోతాయి, బయటివాళ్లకి మిగిలేది మధ్యాహ్నం. హైదరాబాద్‌లో జూన్ నెలలో మధ్యాహ్నం మొదలుపెడితే ఎండకి సగం రౌండ్‌లోనే నీరసం, ఏడు కాకముందే పొద్దు గూకుతుంది. లక్సెంబర్గ్‌లో అదే జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అందుకని శుక్రవారం సాయంత్రం గ్రాండ్ డ్యూకల్ క్లబ్, శనివారం మధ్యాహ్నం కికువోకా అనే ఇంకో క్లబ్ అని పెట్టారు, పొద్దున నిద్ర, సాయంత్రం ఆట. మా బావకి ఇది చూసి ముచ్చటేసింది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇన్నేళ్లున్నా నాకు తట్టలేదే అన్నాడు. జూన్ 23 వాళ్ల నేషనల్ డే, ఆ వారం హోటళ్లు కిటకిటలాడతాయి కాబట్టి తేదీలు అంతకు ముందుకి జరిపారు, అదీ మంచి సలహానే.

గ్రాండ్ డ్యూకల్ క్లబ్ ఎయిర్‌పోర్ట్ పక్కనే, అడవి మధ్యలో ఉంది, ఫెయిర్‌వేలు, అంటే బాల్ కొట్టాల్సిన గడ్డి దారులు, సన్నగా ఉంటాయి, డ్రైవర్ (దూరం కొట్టే పొడుగు కర్ర) కొంచెం అటూ ఇటూ తగిలిందంటే బాల్ చెట్లలోకే. ఇక్కడే మనవాళ్లకి అసలు పరీక్ష, ఎందుకంటే క్యాడీ, అంటే బ్యాగ్ మోస్తూ సలహాలిచ్చే మనిషి, ఉండడు. గోల్కొండ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సులో ఆడి అలవాటైనవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అక్కడ మన క్యాడీ గ్రీన్ మీద, అంటే కప్పు (బాల్ పడాల్సిన గుంట) చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఒంగి చూసి "సార్, రెండు కప్పులు ఎడమకి, మెల్లగా" అంటాడు, మనం కొట్టేస్తాం, పడితే మన గొప్ప. రఫ్‌లో, అంటే పక్కనుండే పొడుగు గడ్డిలో, పోయిన బాల్‌ని మనం నడిచి వెళ్లేలోపే చూపించేస్తాడు. లక్సెంబర్గ్‌లో ట్రాలీ నువ్వే లాగాలి, బంకర్‌లో (ఇసుక గుంటలో) నీ అడుగులు నువ్వే రేక్‌తో సర్దాలి, గ్రీన్ మీద బాల్ పడి చేసిన గుంట నువ్వే పూడ్చాలి, బాల్ ఏ దారిలో దొర్లుతుందో ఆ లైన్ నువ్వే చదువుకోవాలి. బాల్ వెతకడానికి రూల్ ప్రకారం మూడు నిమిషాలే, వెనక గుంపు వాళ్లు నిలబడి చూస్తుంటే ఆ మూడు నిమిషాలు ఎలా గడుస్తాయో ఆడినవాళ్లకే తెలుసు. మోకాలెత్తు గడ్డిలో నేను తిరుగుతుంటే మా బావ "ఏం బామ్మర్దీ, గోల్ఫ్ ఆడ్డానికొచ్చామా, పుట్టగొడుగులు ఏరుకోడానికొచ్చామా" అని ఒకటే నవ్వు. దీనికితోడు కార్గోలక్స్ వాళ్ల 747 సరుకు విమానాలు ఆ పక్కనే దిగుతుంటాయి, సరిగ్గా నాలుగడుగుల పుట్‌కి (కప్పులోకి మెల్లగా దొర్లించే దెబ్బకి) నిలబడ్డప్పుడు ఒకటి వచ్చింది. నచ్చలేదా అంటే చాలా నచ్చింది, కానీ క్యాడీ ఉండడన్న ముక్క వీళ్లు ముందే చెప్పి, ఇక్కడ ట్రాలీతో ఒకట్రెండు రౌండ్లు సొంతంగా ఆడి వెళ్లండి అని ఉంటే బాగుండేది. కికువోకా దీనికి పూర్తిగా వేరు, మోజెల్ నది వైపు వెళ్లే దారిలో గుట్టల మీద తెరిపిగా, గాలి ఎక్కువగా ఉంటుంది. రెండిట్లో ఒకటే ఆడగలిగితే గ్రాండ్ డ్యూకల్ ఆడండి.

ఇక గొడవలు. నాది ఎడమచేతి వాటం. ఫారంలో ఆ గడి ఉంది, నింపాను కూడా. గోల్ఫ్ బ్యాగ్ మోసుకెళ్లడం కంటే అక్కడే కర్రల సెట్ అద్దెకి తీసుకుందామన్నది వాళ్ల సలహానే, బ్యాగ్‌కి ఎయిర్‌లైన్స్‌లో ముందే చెప్పి స్పోర్ట్స్ లగేజీగా బుక్ చేసుకోవాలి, దారిలో డ్రైవర్ కర్ర మెడ విరుగుతుందన్న భయం వేరే. కన్ఫర్మేషన్ మెయిల్ కాపీ పంపమని పట్టుబట్టాక చూస్తే కుడిచేతి సెట్టు రాసి ఉంది. ఎడమచేతి సెట్లు అద్దెకి దొరకడమే అరుదు. వెళ్లడానికి వారం ముందు ఈ సంగతి బయటపడితే మనిషి పరేషాన్ కాకుండా ఎలా ఉంటాడు. చివరికి నా బ్యాగే వేసుకెళ్లాను. "ఫికర్ వద్దు సార్, అది అక్కడ సర్దేస్తరు" అన్నారు, ఎడమని కుడిగా ఎలా సర్దుతారో నాకైతే అర్థం కాలేదు.

అసలు గొడవ బండిది. ప్యాకేజీలో అన్ని రోజులకీ డ్రైవర్‌తో ప్రైవేట్ వ్యాన్ పెట్టారు, మొత్తం బిల్లులో అదే పెద్ద ముక్క. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రామ్, రైలు రెండో తరగతి అందరికీ ఫ్రీ. టూరిస్టులకీ ఫ్రీయే, టికెట్ అన్నదే లేదు. 2025 నుంచి ట్రామ్ ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్తుంది. గ్రాండ్ డ్యూకల్‌కి ట్రామ్‌లో ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి చిన్న టాక్సీ చాలు. కికువోకాకి బ్యాగుతో వెళ్లడానికి టాక్సీ కావాలి, ఒప్పుకుంటాను. మరి ఊరు తిరగడానికి వ్యాన్ దేనికి? పాత కోట, బొక్ కేస్‌మేట్లు అనే రాతి సొరంగాలు, లోయ అంచున నడిచే కోర్నిష్ దారి, అన్నీ కాళ్ల మీద తిరిగే చోట్లే. మా వ్యాన్ డ్రైవర్ పాపం రెండు పూటలు పార్కింగ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఈ ఫ్రీ సంగతి వాళ్లు పంపిన కాగితాల్లో ఒక్క లైను కూడా లేదు, గొడుగు తెచ్చుకోండి అని మాత్రం రెండు చోట్ల ఉంది.

ఆదివారం ఉత్తరాన క్లెర్వోలో మూడో రౌండ్ కూడా ఇరికించారు, మేం వద్దన్నాం. వీకెండ్‌కి రెండు రౌండ్లు చాలు, ఆ పూట షెంగెన్ ఊరికి వెళ్లాం. అవును, వీసాకి ఆ పేరు వచ్చిన ఊరే, 1985లో ఒప్పందం మీద సంతకాలు అయిన చోటు, నది ఒడ్డున చిన్న పల్లె. ఆదివారం షాపులు చాలావరకు మూసేస్తారు, కొనాల్సినవి శనివారమే కొనుక్కోండి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, శాకాహారులకి ఇబ్బందేం ఉండదు. అక్క కోసం నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి పెట్టుకుందామనుకుంటే పెట్టకండి, బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. ఆవకాయ తీసుకెళ్లాను, పేచీ రాలేదు.

నా సలహా ఏంటంటే వీళ్ల దగ్గర టీ టైములు, వీసా ఫైలు మాత్రం చేయించుకుని బండి, హోటల్ మీరే చూసుకోండి. మొత్తం ప్యాకేజీగా కొంటే పైన టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే పన్ను, కూడా పడుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. వాడని పూటలకి వ్యాన్ డబ్బులు తిరిగి ఇమ్మని అడిగాను. వచ్చే ట్రిప్‌లో తగ్గిస్తామన్నారు. వచ్చే ట్రిప్ సంగతి తర్వాత, ఇప్పుడు నా అకౌంట్‌లో వేయండి అని మెసేజ్ పెట్టాను. చూశారు, జవాబు లేదు.