రోజర్స్ ఆలకింపు, ఎల్లిస్ వాదన
అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో ప్రచురించిన వ్యాసంలో, కౌన్సెలర్ నిజాయితీ, షరతులు లేని ఆదరణ, ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతోనే చూడగల సహానుభూతి, సాయం కోరి వచ్చిన మనిషిలో మార్పుకు మూలమని ప్రతిపాదించారు. 1955 ప్రాంతంలో మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ రూపొందించిన హేతుబద్ధ చికిత్స మాత్రం, మనల్ని బాధించేది సంఘటన కన్నా దాని గురించి మనం పెంచుకున్న నమ్మకమే కనుక, ఆ నమ్మకాన్ని సూటిగా ప్రశ్నించి, ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసాలు కూడా ఇచ్చి సరిదిద్దాలంటుంది. ఆదరణ మేలు చేస్తుందని ఎల్లిస్ ఒప్పుకున్నారు గానీ, అది లేనిదే మార్పు రాదన్న మాటను అంగీకరించలేదు. పరీక్ష తప్పితే బతుకే వృథా అనుకునే విద్యార్థికి ఎల్లిస్ పద్ధతి త్వరగా అక్కరకు రావచ్చు. ఆప్తులను పోగొట్టుకున్నవారితో వాదనకు దిగడం మాత్రం, నా దృష్టిలో, క్రూరమే. పైగా, సంభాషణలను రికార్డు చేసి కౌన్సెలింగ్‌ను పరిశోధనకు తెరిచిన తొలివారిలో రోజర్స్ ఒకరు. ఆ మేలు ఎల్లిస్ మార్గానికీ దక్కింది.