మూడు లాంతర్ల దగ్గరి సాయంకాలపు ఇంగ్లిషు తరగతి

వకీలు గుమాస్తాను కాబట్టి నా పొద్దంతా ఇంగ్లిషు కాగితాలతోనే గడుస్తుంది. అందుకే విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మేడ మీద నడిచే ఈ తరగతిలో చేరాను. మాస్టారు గట్టివారు. ‘ఇన్నోసెంట్’ చెప్పిన రోజు బోర్డు మధ్యలో గీత గీసి ఒకవైపు నిర్దోషి, రెండోవైపు అమాయకుడు అని రాశారు. వెంట ‘ఆఫ్’, ఆపైన నేరం పేరు వస్తే మొదటి అర్థమే తీసుకోవాలి. లాటిన్‌లో ‘నొకేరే’ అంటే హాని చేయడం. హాని చేయనివాడు ఇన్నోసెంట్. పిల్లల గుండెలో వినిపించే ప్రమాదం లేని శబ్దాన్ని డాక్టర్లు ‘ఇన్నోసెంట్ మర్మర్’ అంటారట! ఇంగ్లండు జ్యూరీలు మాత్రం ‘నాట్ గిల్టీ’ అంటాయే తప్ప ఇన్నోసెంట్ అనవు. నేరం రుజువు కాలేదన్నంత వరకే వాటి పూచీ. ఇది నాకు బాగా పనికొచ్చిన ముక్క.

అచ్చు నోట్సు మాత్రం శుద్ధ దండగ. ఇన్నోసెంట్, గిల్ట్‌లెస్, బ్లేమ్‌లెస్ అన్నిటికీ ‘అమాయకమైన’ అని ఒకే అర్థం వేశారు. ఆ లెక్కన మా కక్షిదారులందరూ అమాయకులే. కొందరిని తలచుకుంటే నవ్వాగదు. ఫ్యాను రొదకు వెనక బెంచీల వారికి సగం పాఠం వినిపించదు. చేరదలచినవారు ముందు వరుసలో కూర్చోండి, నోట్సుకు డబ్బు కట్టకండి.